పల్లవి లేని పాటలు: ఏళ్ల తరబడి విన్న 'మ్యాడ్‌విలనీ'

'మ్యాడ్‌విలనీ' అనే ఈ అమెరికన్ ర్యాప్ ఆల్బమ్‌ను ఎవరికి వినిపించినా మొదటి ఫిర్యాదు ఒకటే: "పాట అందుకునేలోపే అయిపోయింది." నిజమే. 46 నిమిషాల్లో 22 ట్రాకులు. చాలావాటికి రెండు నిమిషాలు కూడా నిండవు. పల్లవి అన్నది దాదాపు లేనే లేదు. పల్లవి ఎత్తుకుని, చరణం తర్వాత మళ్లీ దాని దగ్గరికి చేరుకునే అలవాటున్న మన చెవికి ఎవరో మధ్యలో రేడియో కట్టేసినట్టు ఉంటుంది. ఇన్నేళ్లయినా నాకు ఇది మొహం మొత్తకపోవడానికి కారణం మాత్రం సరిగ్గా ఈ లక్షణమే. విసుగు పుట్టేంత సేపు ఏదీ నిలబడదు.

2004 మార్చిలో స్టోన్స్ త్రో సంస్థ విడుదల చేసిన రికార్డు ఇది. లోహపు ముసుగు లేకుండా వేదిక ఎక్కని ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ మాటలు, మ్యాడ్‌లిబ్ సంగీతం. తన పేరు పెద్ద అక్షరాల్లోనే రాయాలని డూమ్ ఒక పాటలో పట్టుబడతాడు. తెలుగులో రాసేవాళ్లకు ఆ చిక్కు లేదు.

మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లినప్పుడు చిన్న శాంప్లర్ (పాత రికార్డుల నుంచి ముక్కలు కత్తిరించి మళ్లీ వాయించే యంత్రం), చేత్తో మోసుకెళ్లే రికార్డు ప్లేయర్, క్యాసెట్ డెక్ పెట్టుకుని హోటల్ గదిలోనే కొన్ని బీట్లు, అంటే ర్యాప్ వెనకాల వినిపించే సంగీతం, కట్టాడు. పాత జాజ్, బ్రెజిల్ రికార్డులు, డెబ్బైల నాటి రాక్ పాటల ముక్కలు ఇందులో మసక మసకగా, కాస్త దుమ్ముతో వినిపిస్తాయి. ఫోను స్పీకర్‌లో వింటే బేస్ మొత్తం పోతుంది, మిగిలేది గరగర. ఓ మాదిరి ఇయర్‌ఫోన్లైనా ఉండాలి.

పని పూర్తికాకముందే దీని తొలి రూపం ఇంటర్నెట్‌లోకి పారిపోయింది. ఇద్దరూ కొంతకాలం దీన్ని పక్కన పెట్టి వేరే రికార్డుల మీద పడ్డారు. తిరిగి వచ్చాక డూమ్ తన గొంతును మళ్లీ రికార్డు చేశాడు. తొలి రూపంలో హుషారుగా, కాస్త గట్టిగా ఉన్న గొంతు ఇక్కడ దిగి, నెమ్మదించి, సోఫాలో వెనక్కి వాలిన మనిషి మాటలా మారింది. పాతదే మేలనే శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. రెండూ విన్నాను, నా ఓటు ఈ నిదానానికే. అరిచి చెప్పిన చమత్కారం రెండోసారికే పాతబడుతుంది. ఇతను గొణిగి వదిలేసినది నాలుగో వినికిడిలో దొరుకుతుంది. ఆఖరి ట్రాకులో ఆ లీకు మీద కూడా ఓ చురక వేశాడు.

ప్రాస సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన పద్యంలో ప్రాసకు స్థానం నిర్ణయమై ఉంటుంది: పాదంలో రెండో అక్షరం. డూమ్ ప్రాసకు చోటంటూ లేదు. లైను మధ్యలో మొదలై, తర్వాతి లైను మొదట్లో పలకరించి, మూడు నాలుగు అక్షరాల గుత్తిగా మళ్లీ ఎక్కడో తేలుతుంది. అర్థం తెలియకపోయినా చెవి దాన్ని పట్టుకుంటుంది. అర్థానికి మాత్రం శ్రమపడాలి. అమెరికన్ కార్టూన్లు, పాత టీవీ ధారావాహికలు తెలియకపోతే సగం జోకులు జారిపోతాయి. వివరణలు చదువుతూ వింటే కొన్ని బాగుపడ్డాయి, కొన్ని చప్పబడ్డాయి.

వేగంగా పాడే ర్యాపర్లంటే ప్రాణమిచ్చే కుర్రాడొకడు మా ఆఫీసులో ఉన్నాడు. ఇది వినమని ఇస్తే "నిద్రలో పాడాడా సార్?" అని తిరిగిచ్చేశాడు. పాత హిందీ రికార్డులు కూడబెట్టే మా బావగారిది ఇంకో దారి: "వెనకాల సంగీతం బ్రహ్మాండం, ఆ మాట్లాడేవాణ్ణి ఆపమను." ఆయనకు 2007లో వచ్చిన మ్యాడ్‌లిబ్ 'బీట్ కండక్టా ఇన్ ఇండియా' వినిపించాను. అందులో మాటల గోల తక్కువ, మన దేశపు సినిమా పాటల ముక్కలు ఎక్కువ. ఏ ముక్క ఏ సినిమాలోదో పట్టుకునే పనిలో పడి ఆ రాత్రి ఆయన భోజనానికి కూడా లేవలేదు.

అన్నీ నచ్చాయని కాదు. గంజాయి మీద పాట నాలుగు నిమిషాలకు దగ్గరగా సాగుతుంది. ఆ సరదా నాకు ఎప్పుడూ అంటలేదు, దాటేస్తాను. 'ఫ్యాన్సీ క్లౌన్' వస్తే మాత్రం చేతిలో పని ఆపుతాను. అందులో డూమ్ తనదే ఇంకో వేషమైన విక్టర్ వాన్‌గా మారి, ముసుగువాడితో తిరుగుతున్నావని ప్రియురాలిని నిలదీస్తాడు. తన మీద తానే అసూయపడే పాట ఇంకొకటి నేను వినలేదు.

2020 చివరి రోజున డూమ్ మరణవార్త బయటికి వచ్చింది. అప్పటికి రెండు నెలల క్రితమే, అక్టోబరు 31న, ఆయన పోయారు. ఆ తర్వాత చాలామంది కొత్తవాళ్లు ఈ ఆల్బమ్ దగ్గరికి వచ్చారు. వాళ్లకు నేను చెప్పేది: 'అకార్డియన్' విని చూడండి, రెండు నిమిషాల పని. నచ్చితే మొదటి నుంచి వరసగా వినండి. షఫుల్ వద్దు. ఒక ట్రాకు తోక పట్టుకునే ఇంకోటి వస్తుంది, వరస మారిస్తే తెగిపోతుంది.