స్టిక్కర్ల తయారీలో ఇంక్‌స్కేప్: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ప్రచార స్టిక్కర్లు గీయడానికి నేను ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ ప్రోగ్రామును దాని 0.92 వెర్షన్ కాలం నుంచి వాడుతున్నాను. సెప్టెంబరు మూడో శనివారం జరుపుకొనే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే నాడు తిరుపతిలో మా మిత్రబృందం విద్యార్థులకు పంచే స్టిక్కర్లు, తెలుగులో అక్షరదోషాలను పట్టి చూపే మా చిన్న ప్రోగ్రాముకు వేయించిన స్టిక్కరు, చిత్తూరు మిత్రులు అడిగితే తెలుగు, తమిళ లిపులు రెండింటితో చేసి ఇచ్చినవి, అన్నీ ఇందులోనే తయారయ్యాయి. ఈ సమీక్ష ఆ ఒక్క పనికే పరిమితం. పుస్తకాల అట్టలకో, వెబ్ పేజీల బొమ్మలకో ఇది ఎంతవరకు పనికివస్తుందన్న చర్చ ఇక్కడ లేదు.

స్టిక్కరు కోసం డిజైన్ సాఫ్ట్‌వేరును ఎంచుకునేటప్పుడు చాలామంది అందులో గీసే సదుపాయాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. నేను అంతకంటే ముందు మరొకటి చూస్తాను. ఈ ఏడాది ఒకరు గీసిన స్టిక్కరును వచ్చే ఏడాది ఇంకొకరు, బహుశా ఇంకో ఊళ్లో, పైసా చెల్లించకుండా తెరిచి, తేదీ మార్చుకుని, తమ ఊరి దుకాణంలో మళ్లీ అచ్చు వేయించుకోగలగాలి. ప్రోగ్రాము సోర్సును అందరికీ ఇచ్చే ప్రాజెక్టు తన స్టిక్కరును మాత్రం దిద్దుకోవడానికి వీలు కాని ఒక పీఎన్‌జీ బొమ్మగా ఇచ్చి చేతులు దులుపుకోవడం నాకు సబబుగా తోచదు. ఈ కొలతతో చూస్తే ఇంక్‌స్కేప్‌కు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. 2003లో సోడిపోడి అనే ప్రోగ్రాము నుంచి విడివడి మొదలైన ఈ ప్రాజెక్టు మొదటినుంచీ బొమ్మను గీతల లెక్కగా రాసే ఎస్‌వీజీ అనే బహిరంగ ప్రమాణాన్నే తన సొంత ఫైలు రూపంగా పెట్టుకుంది. ఎస్‌వీజీ ఫైలు లోపల ఉండేది మామూలు పాఠ్యమే కాబట్టి ఫైళ్లలో మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్‌లో దాచుకుంటే ఎవరు ఏ రంగును మార్చారో వరుసతో సహా తెలుస్తుంది. అయితే బొమ్మను కొంచెం పక్కకు జరిపినా అంకెలు అనేకం మారిపోతాయి కనుక ప్రతి మార్పూ చదవగానే అర్థమవుతుందని ఆశించకూడదు. భద్రపరిచేటప్పుడు ‘ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీ’ రూపాన్నే ఎంచుకోవాలి. ‘ప్లెయిన్ ఎస్‌వీజీ’ శుభ్రంగా కనిపిస్తుంది కానీ, తర్వాతివారు దిద్దుకోవడానికి ఇంక్‌స్కేప్ రాసుకున్న అదనపు సమాచారం అందులో మిగలదు.

పాత ఫైళ్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 0.91 వరకు ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 యూనిట్ల లెక్క పాటించేది. 2017లో వచ్చిన 0.92 నుంచి అది 96 అయింది. పాత ఫైలును తెరిచినప్పుడు కొలతలు సరిచేయమంటారా అని ప్రోగ్రాము అడుగుతుంది. ఆ ప్రశ్నను చదవకుండా దాటేస్తే 50.8 మిల్లీమీటర్ల స్టిక్కరు 47.6 మిల్లీమీటర్లకు తగ్గిపోవచ్చు. తెర మీద ఆ తేడా కంటికి ఆనదు. పక్కపక్కన అతికించాల్సిన ఆరుకోణాల స్టిక్కర్లలో మాత్రం వెంటనే బయటపడుతుంది.

ఆరుకోణాల ఆకారం ఓపెన్ సోర్స్ లోకంలో బాగా స్థిరపడింది. ముఖ్యంగా గణాంకాల పనికి ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాషను వాడేవారు ప్యాకేజీకొక స్టిక్కరు చొప్పున చేసుకుని, లాప్‌టాప్ మూత మీద తేనెపట్టులా పేర్చుకుంటారు. పై కొన నుంచి కింది కొనకు రెండు అంగుళాలు, అడ్డంగా 1.73 అంగుళాలు ఉండడం వాడుకలో ఉన్న కొలత. ఇంక్‌స్కేప్‌లో బహుభుజి పనిముట్టుకు ఆరు మూలలని చెప్పి, కంట్రోల్ మీట నొక్కిపట్టి లాగితే ఆకారం క్షణాల్లో వస్తుంది. కొలత ఇచ్చే ముందు ప్రిఫరెన్సెస్‌లో బౌండింగ్ బాక్స్‌ను (ఆకారం చుట్టూ ఉండే కొలత పెట్టెను) ‘జామెట్రిక్’కు మార్చుకోవడం మంచిది, లేకపోతే అంచుగీత మందం కూడా కొలతలో కలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది ‘లింక్డ్ ఆఫ్‌సెట్’. స్టిక్కరుకు కత్తిరింపు గీత ఒకటి, దాని బయట రెండు మూడు మిల్లీమీటర్ల వరకు రంగు పొడిగింపు ఒకటి ఉండాలి, ఎందుకంటే కోసే కత్తి కొద్దిగా జరిగినా అంచున తెల్లగీత కనబడకూడదు. మూల ఆకారానికి లింక్డ్ ఆఫ్‌సెట్ ఒకటి చేసి బయటికి లాగితే, తర్వాత మూలాన్ని ఎలా దిద్దినా పొడిగింపు దానంతటదే వెంట నడుస్తుంది. దీని లోపమల్లా మూలలు గుండ్రబడడం. కోణాలు పదునుగా కావాలంటే 1.0లో వచ్చిన ‘ఆఫ్‌సెట్’ అనే పాత్ ఎఫెక్టును, అంటే గీతకు తగిలించే మార్పును, వాడాలి. 1.3లో పేజీ పనిముట్టుకే బ్లీడ్ (పైన చెప్పిన రంగు పొడిగింపు) కొలత ఇచ్చే వీలు కలగడం నాకు ఆ వెర్షన్ ప్రకటనలో ప్రముఖంగా చెప్పిన, ఆకారాలను కలిపి కొత్తవి చేసే షేప్ బిల్డర్ కన్నా ఎక్కువ సంతోషం కలిగించింది.

శ్రీకాళహస్తి కలంకారీ గీతల తరహాలో ఒక అంచు కావాలని మా బృందంలో ఒకరు పట్టుబట్టారు. కాగితం మీద చేత్తో గీసి, స్కాన్ చేసి, ‘ట్రేస్ బిట్‌మ్యాప్’తో గీతలుగా మార్చుకున్నాం. ఈ పనికి ఇంక్‌స్కేప్ లోపల పోట్రేస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే వాడుతుంది. ఫలితం చూడడానికి చక్కగానే ఉంటుంది కానీ నోడ్లు, అంటే గీతను మలిచే బిందువులు, కుప్పలుగా వస్తాయి. ‘సింప్లిఫై’ ఆదేశం ఒకసారి ఇస్తే తేలికపడుతుంది, అదే పనిగా ఇస్తే కలం ఒరవడి పోయి రబ్బరు గీతలా తయారవుతుంది. కలంకారీలో గీత ఒకచోట లావుగా మొదలై మరోచోట సన్నబడడంలోనే అందమంతా ఉంది కాబట్టి, ఆ భాగాలను చేత్తో దిద్దడం తప్ప వేరే దారి లేదు.

ఇక తెలుగు. నేను ఈ ప్రోగ్రామును వదలకపోవడానికి సగం కారణం ఇదే. యూనికోడ్‌లో టైపు చేసిన ‘స్వేచ్ఛ’, ‘శ్రీకాళహస్తి’ వంటి మాటలు ఒత్తులతో సహా ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్, పాంగో అనే లైబ్రరీలు చూసుకుంటాయి, వాటిలో హార్ఫ్‌బజ్ లిబ్రేఆఫీస్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెలుగు చదివేవారికి పరోక్షంగా పరిచయమున్నదే. ఫాంట్లకూ కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి కనుక ఫైలుతో పాటు ఫాంటును కూడా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. అనుభవం మీద నేను చెప్పగలిగేదేమిటంటే, రెండు అంగుళాల స్టిక్కరులో ప్రాజెక్టు పేరుకు రామభద్ర వంటి లావు ఫాంటు బాగుంటుంది, దాని కింద చిన్న వాక్యానికి మాత్రం మండలే నయం. లావు ఫాంటును చిన్నదిగా చేస్తే ‘ఘ’, ‘ఝ’, ‘ఋ’ వంటి అక్షరాల లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. వరుసల మధ్య దూరం కూడా ఇంగ్లీషు స్టిక్కరును చూసి పెట్టుకోకూడదు, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. గుండ్రని స్టిక్కరు అంచు వెంట అక్షరాలను వంపు తిప్పితే ఒత్తులన్నీ కేంద్రం వైపు దిగి ఇరుకున పడతాయి. అందుకే అంచు వెంట రాయాల్సి వస్తే ఒత్తులు తక్కువున్న మాటలను ఎంచుకుంటాను, లేదా అంచుకు ఇంగ్లీషు వదిలేసి నడిమి భాగాన్ని తెలుగుకు ఇస్తాను.

అసలు పరీక్ష దుకాణంలో మొదలవుతుంది. తిరుపతిలో నేను వెళ్లిన డీటీపీ, ఫ్లెక్సీ దుకాణాల్లో నడిచేది కోరల్‌డ్రా అనే, డబ్బు పెట్టి కొనే డిజైన్ ప్రోగ్రాము, తెలుగుకు యూనికోడ్ కాని అను ఫాంట్లు. యూనికోడ్ తెలుగుతో ఫైలు ఇస్తే, వారి కంప్యూటర్లో మన ఫాంటు లేక, ఉన్నా పాత కోరల్ ఒత్తులను సరిగా కూర్చలేక, పేరు విడిపోయి కనిపిస్తుంది. ఎస్‌వీజీని నేరుగా ఇవ్వడం నేను మానుకున్నాను. పీడీఎఫ్‌గా భద్రపరిచేటప్పుడు వచ్చే పెట్టెలో ‘కన్వర్ట్ టెక్స్ట్ టు పాత్స్’ ఎంచుకుంటే అక్షరాలు పాత్‌లుగా, అంటే గీతల బొమ్మలుగా, మారిపోతాయి, ఆ పీడీఎఫ్‌ను కోరల్ ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. ఇది అందరికీ ఇచ్చే మూలం కాదు, దుకాణానికి మాత్రమే ఇచ్చే నకలు. మూలంలో తెలుగు టైపు చేసిన అక్షరాలుగానే ఉండాలి.

బండ్ల నంబరు ప్లేట్లు, దేవుడి నామాలు, శంఖచక్రాలు కోసి అంటించే రేడియం దుకాణాల్లో చేయించాలంటే ఇంకొక మెట్టు ఎక్కాలి. అక్కడ అచ్చు ఉండదు, ప్లాటర్ మీద కత్తి గీత వెంట నడుస్తుంది. తెలుగు అక్షరానికీ దాని గుణింతపు గుర్తుకూ మధ్య గీతలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటే, కత్తి ఆ అతుకు దగ్గర కూడా కోసేస్తుంది, పైపొర ఒలిచేటప్పుడు ఏత్వమో కొమ్మో ఊడి వస్తుంది. అక్షరాలను పాత్‌లుగా మార్చి, ‘యూనియన్’ ఆదేశంతో కలిపేస్తే ఈ బెడద ఉండదు. మిల్లీమీటరు కన్నా సన్నని ఒత్తులను మాత్రం ఏ ఆదేశమూ కాపాడలేదు, అక్షరాన్నే పెద్దది చేయాలి. మన ఊళ్లలో స్టిక్కరు లాప్‌టాప్ మీదకు ఎంతగా వెళుతుందో బండి మీదకూ అంతగా వెళుతుంది కాబట్టి ఈ శ్రమ వృథా కాదు. తిరుపతి ఎండకు కాగితపు స్టిక్కరు నిలవదు, వినైల్ మీద అచ్చు వేయించి పైన లామినేషన్ చేయించినవే వేసవిని దాటుతున్నాయి.

ఫిర్యాదుల్లో మొదటిది రంగుల గురించి. ఇంక్‌స్కేప్ పని చేసేది తెరకు సరిపడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలయిక అయిన ఆర్‌జీబీలో, అచ్చుకు కావలసింది నాలుగు సిరాల లెక్క అయిన సీఎంవైకే. ఇన్నేళ్లలో ఎన్నో మెరుగుదలలు వచ్చాయి కానీ పీడీఎఫ్ ఇప్పటికీ ఆర్‌జీబీలోనే నా చేతికి వస్తోంది. తెర మీద మెరిసే నీలం అచ్చులో ఊదాకు తిరుగుతుంది, చిలకపచ్చ మాసిపోతుంది. కొద్ది ప్రతులు తీసే డిజిటల్ ప్రింటింగులో దుకాణం యంత్రమే మార్పు చేసుకుంటుంది కనుక ఒక నమూనా తీయించి చూసుకుంటే సరిపోతుంది. వేల సంఖ్యలో కావాలని పనిని శివకాశి ఆఫ్‌సెట్ ప్రెస్సులకు పంపితే మాత్రం సీఎంవైకే విలువలు మనమే ఇవ్వాలి. అప్పుడు బొమ్మను అచ్చు పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ప్రోగ్రాములోకి తెచ్చుకుని అక్కడ రంగులు నిర్ణయించి పీడీఎఫ్ తీస్తున్నాను. ఇది నమ్మదగిన దారే, కానీ ఒక్క స్టిక్కరుకు రెండు ప్రోగ్రాములు నేర్చుకోమని కొత్త విద్యార్థికి చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది.

రెండో ఫిర్యాదు నీడలు, మసకలు వంటి ఫిల్టర్ల మీద. పీడీఎఫ్‌లోకి వెళ్లేటప్పుడు అవి చుక్కల బొమ్మలుగా మారతాయి. పీడీఎఫ్‌గా భద్రపరిచే పెట్టెలో రిజల్యూషన్‌ను అంగుళానికి 300 చుక్కలకు పెంచకపోతే అచ్చులో గరుకుగా కనిపిస్తాయి. పైగా నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ మీద ఫిల్టర్లు ఉన్న ఫైలు ఈడుస్తూ నడుస్తుంది. స్టిక్కరుకు నీడ అవసరమే లేదన్నది నా అభిప్రాయం, కాబట్టి ఈ లోపం నన్ను పెద్దగా బాధించలేదు. ప్రోగ్రాము ఉన్నట్టుండి మూతపడడం 0.92 నాటితో పోలిస్తే బాగా తగ్గింది.

లోగోల అనుమతులు ఇంక్‌స్కేప్‌కు సంబంధించినవి కాకపోయినా, స్టిక్కరు గీసేవారికి తప్పవు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా దొరుకుతోందంటే దాని గుర్తు కూడా అలాగే దొరుకుతుందని కాదు. డెబియన్ అనే లినక్స్ పంపిణీ వారి సుడిగుర్తుకు ‘ఓపెన్ యూజ్’ రూపం ఉంది, దాన్ని ఎల్‌జీపీఎల్ లేదా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల షరతులతో వాడుకోవచ్చు. లారీ ఎవింగ్ 1996లో జింప్ అనే బొమ్మల ప్రోగ్రాముతో గీసిన, లినక్స్ చిహ్నమైన టక్స్ పెంగ్విన్‌ను ఆయననూ జింప్‌నూ పేర్కొంటూ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్, పైథాన్ గుర్తులు ట్రేడ్‌మార్కులు. వాటి సంస్థలు పెట్టిన నియమాలు చదివాకే ఫైలును దుకాణానికి ఇవ్వాలి, ముఖ్యంగా స్టిక్కర్లకు ఖర్చు కింద డబ్బు తీసుకునే ఆలోచన ఉంటే.

జింప్‌తోనూ, చిత్రలేఖన ప్రోగ్రామైన క్రిటాతోనూ స్టిక్కర్లు చేసేవారు ఉన్నారు. చేతిగీత బొమ్మకు క్రిటా గొప్పగా ఉంటుంది, కత్తిరింపు గీత ఇవ్వాల్సి వచ్చేసరికి మళ్లీ ఇక్కడికే రావాలి. బ్రౌజరులో నడిచే ఉచిత డిజైన్ సేవలు మొదటి స్టిక్కరును త్వరగా తయారుచేసి ఇస్తాయి కానీ, మూలాన్ని వారి ఖాతాలోనే ఉంచుకుంటాయి, అది నా మొదటి కొలతకే నిలవదు. కోరల్ వచ్చినవారికి దుకాణంతో పని సులువు అన్నది కాదనలేని నిజం. డబ్బు పెట్టి కొనుక్కుని, ఒక్కసారి అచ్చు వేయించి వదిలేసే స్టిక్కరైతే వారు ఇటు రావలసిన పని లేదు. ప్రాజెక్టు రిపోజిటరీలో (అందరూ చూసే ఫైళ్ల నిల్వలో) ఫైలు ఉండాలి, మరో ఊరివారు దాన్ని దిద్దుకోవాలి అనుకునేవారు మాత్రం 1.3 గానీ, 2024 అక్టోబరులో వచ్చిన 1.4 గానీ పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. కొన్ని లినక్స్ పంపిణీల భాండాగారాల్లో ఇంకా పాత వెర్షనే ఉంటుంది కనుక పంపిణీతో సంబంధం లేకుండా నడిచే ఫ్లాట్‌పాక్ లేదా యాప్‌ఇమేజ్ రూపంలో తెచ్చుకోవడం మేలు. పేజీలు, బ్లీడ్ సదుపాయాలు లేని వెర్షన్‌తో మొదలైతే దుకాణంతో తలనొప్పులు అక్కడి నుంచే మొదలవుతాయి.