బావమరిది కెమెరాతో వైజాగ్‌లో మూడు రోజులు

మా బావమరిది దగ్గర కానన్ 6డి ఉంది. 2012లో వచ్చిన మోడల్. వాడు సెకండ్ హ్యాండ్‌లో కొని రెండేళ్లు వాడి, ఇప్పుడు అమ్మేస్తానంటున్నాడు. "మూడు రోజులు ఇచ్చి చూడరా, నచ్చితే నేనే తీసుకుంటా" అన్నాను. నా దగ్గర ఉన్నది కానన్ 700డి, క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే లోపల వెలుగు పట్టే పలక (సెన్సర్) చిన్నది. 6డిలాంటి పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ మీద ఎప్పటినుంచో కన్నుంది. వైజాగ్ ప్రయాణం ఎలాగూ పెట్టుకున్నాం కాబట్టి అక్కడే పరీక్ష పెడదామనుకున్నాను.

బెజవాడలో రత్నాచల్ ఎక్కాం. తుని దాటాక బ్యాగు సర్దుతుంటే గుర్తొచ్చింది, నా 55-250 లెన్స్ ఈ బాడీకి (లెన్స్ లేని ఉత్త కెమెరాకు) పట్టదని. తెల్ల చదరం గుర్తున్న లెన్సులు క్రాప్ కెమెరాలకే. 6డి మౌంటు మీద ఎర్ర చుక్క ఒక్కటే ఉంటుంది. తెలిసిన విషయమే, సర్దే హడావుడిలో మర్చిపోయాను. ఇక మిగిలినవి బావమరిది ఇచ్చిన 24-105 లెన్స్, నా 50 ఎంఎం లెన్స్. బాడీ 770 గ్రాములు, 24-105 ఇంకో 670. మెడలో కిలోన్నర వేలాడుతుంటే మా ఆవిడ నన్ను చూసి ఏమీ అనలేదు, ఫోన్ తీసి తన ఫొటోలు తను తీసుకుంది.

మొదటి రోజు బీచ్ రోడ్డు దగ్గర హోటల్. బుక్ చేసినప్పుడు సముద్రం కనిపించే గది అన్నారు. కిటికీ తెరిస్తే పక్క మేడ మీది వాటర్ ట్యాంకు, దాని పక్కన అరచేతి వెడల్పున నీలం. అడిగితే "అదే కదండీ సార్ సముద్రం" అన్నాడు రిసెప్షన్‌లో అబ్బాయి. అబద్ధమైతే కాదు. ఏసీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. దాని సంగతి మర్నాడు తెలిసొచ్చింది.

సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్‌కు వెళ్లాం. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. 1969లో నేవీలో చేరి 2001లో విరమించుకున్న జలాంతర్గామి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం మనిషికి మనిషి తప్పుకోవడమే కష్టం. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరేటప్పుడు కెమెరా రెండుసార్లు ఇనుముకు తగిలింది, గుండె జారింది. కానీ 24 ఎంఎం అంటే ఇక్కడ నిజంగా 24. ఈ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత వెడల్పు పడుతుంది, క్రాప్ కెమెరాలో అది 1.6 రెట్లు అయినట్టు లెక్క. నా 700డిలో 18 పెట్టినా దాదాపు 29 దగ్గరే ఆగుతుంది. గొట్టాలు, మీటర్లు, మంచాలు ఒక్క ఫ్రేములో పట్టాయి. ఆ ఇరుకులో ఆ నాలుగైదు మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది. బయటికొచ్చాక బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఫొటోలు చూసుకున్నాం.

రెండో రోజు తెల్లవారుజామున అయిదింటికి ఫిషింగ్ హార్బర్. ఏసీ గదిలోంచి నేరుగా ఆటో ఎక్కాను. హార్బర్‌లో దిగి కన్ను పెడితే అంతా పాలమంచు. లెన్స్ మీద నీటి పొర. తుడిస్తే మళ్లీ వచ్చింది. ఇరవై నిమిషాలు ఊరికే నిలబడ్డాను. ఏసీ గదుల్లో దిగేవాళ్లు రాత్రే బ్యాగు జిప్ పూర్తిగా వేసి ఉంచండి, బయటి వేడికి అలవాటు పడ్డాకే తెరవండి. ఇంకో తప్పు కూడా చేశాను. జీపీఎస్ ఆన్‌లో వదిలేశాను. ఈ కెమెరాలో స్విచ్ ఆఫ్ చేసినా అది బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. పొద్దునకు సగం ఖాళీ.

అయితే ఆ మంచు విడిపోయాక చూశాను అసలు తేడా. మరబోట్ల మీద బల్బుల వెలుగు తప్ప ఏమీ లేదు. బుట్టల్లో తడి చేపలు, ఐసు ముక్కలు, వేలం పాట పాడేవాళ్ల గొంతులు. నా పాత కెమెరా అయితే ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకునేది. 6డిలో ఫోకస్ పట్టే మధ్య పాయింట్ ఆ చీకట్లో కూడా టక్కున పట్టింది. చుట్టూ ఉన్న మిగతా పది పాయింట్లనూ మాత్రం నమ్ముకోవద్దు, అవి ఆ వెలుగులో చేతులెత్తేశాయి. మధ్య పాయింట్‌తో పట్టి ఫ్రేము జరుపుకోవడమే. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే అంకె) 6400లో తీసిన ఫొటోలో వంజరం పొలుసు మీద వెలుగు గీత గీతగా కనిపించింది. 700డిలో అదే ఐఎస్‌ఓ పెడితే నలుపంతా ఇసక చల్లినట్టుంటుంది. సెన్సర్ వైశాల్యం రెండున్నర రెట్ల పైమాటే కదా, ఆ మేరకు వెలుగు పడుతుంది.

"ఏటి బాబూ, ఇన్ని ఫొటోలు తీస్తన్నావు, సేప ఒకటీ కొనవేటి?" అంది ఒకావిడ బుట్ట సర్దుకుంటూ. హోటల్లో ఎక్కడ వండిస్తాను! నవ్వి, తెరమీద ఆవిడ ఫొటో చూపించాను. "నల్లగా తీసేసినావు" అంది.

సూర్యుడు లేచాక గద్దలు దిగాయి. ఇక్కడ 6డి తేలిపోయింది. 105 దగ్గర గద్ద చిన్న మరకంత. 55-250 ఉన్న నా క్రాప్ కెమెరా అయితే 400 దాకా వెళ్లేది. పక్షులు, ఆటలు మీ ఇష్టమైతే, ఫుల్‌ఫ్రేమ్‌కు అంత దూరం లాగే లెన్స్ ధర ముందు కనుక్కోండి. బాడీ సంగతి తర్వాత. ఇంకో మాట, నేవీ బోర్డులున్న వైపు లెన్స్ తిప్పకండి. పెద్ద కెమెరా ఫోన్‌కన్నా ముందు కళ్లలో పడుతుంది.

మధ్యాహ్నం భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. గాలి ఉంది. అక్కడ లెన్స్ మార్చాను, బుద్ధి లేక. తర్వాత భీమిలిలో ఎఫ్/16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) పెట్టి తీసిన ఆకాశం ప్రతి ఫొటోలోనూ కుడివైపు పైన ఒక నల్ల చుక్క, సెన్సర్ మీద పడిన దుమ్ము. కెమెరా తనంతట తాను సెన్సర్ దులుపుకున్నా పోలేదు. డచ్చివాళ్ల సమాధుల దగ్గర నేలకు ఆనించి తీద్దామంటే తెర తిరగదు. బోర్లా పడుకోవాల్సి వచ్చింది. 700డి తెర ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

ఆ రాత్రి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జికి మారాం. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, తెల్లారకముందే కింద టీ దొరికింది. అరకు రైలుకు ఇదే మేలు. అద్దాల పెట్టెకు ఆశపడకండి, అద్దంలో మన ముఖమే కనిపిస్తుంది. మామూలు పెట్టెలో తెరిచిన కిటికీ చాలు. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తారు, మనం కూడా అరవొచ్చు.

బొర్రా గుహల్లో కెమెరాకు విడిగా టికెట్. రంగు లైట్ల వల్ల రాళ్లు ఎరుపు, ఆకుపచ్చ. రా ఫైల్‌గా (రంగులు తర్వాత సరిచేసుకునేలా) తీస్తే ఇంటికొచ్చాక కొంత దారికి వచ్చాయి. ఫ్లాష్ 6డిలో లేనే లేదు, ఉన్నా అంత పెద్ద గుహలో దండగే. లెన్స్‌లో చేతి వణుకు సర్దే స్టెబిలైజర్ ఉండబట్టి షట్టర్ సెకనులో పదిహేనో వంతుకు పెట్టి చేత్తో పట్టుకుని లాగించాను. ఈ యాత్రలో నాకు నచ్చిన ఫొటోలు సగం ఇక్కడివే. బయట బొంగు చికెన్ బాగుంది. అరకు దాకా మాట్లాడుకున్న జీపతను మాత్రం ప్రతిచోటా హారన్ కొట్టి తొందరపెట్టాడు. ఎంతసేపు ఆగాలో ముందే మాట్లాడుకోవాల్సింది.

తిరుగు రైల్లో ఉండగా బావమరిది ఫోన్ చేశాడు. "ఏం బావా, నచ్చిందా? లెన్స్‌తో కలిపి ఇచ్చేస్తా" అని ధర చెప్పాడు. సెన్సర్ మీద చుక్క సంగతి చెప్పాను. క్లీనింగ్ ఖర్చు తగ్గిస్తానన్నాడు. కాసేపు ఆలోచించి, "ఉత్త బాడీకి ఎంత?" అన్నాను. 50 ఎంఎం నా దగ్గర ఉండనే ఉంది. 700డి ఎలాగూ అమ్మను, గద్దలకు అదే ఉంటుంది.