పాత డీజిల్ పికప్: చాలా ఏళ్లు వాడి, విప్పి, బిగించాక

ఈ బండి గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇంజిన్ గురించి కాదు, ఇంజిన్ చుట్టూ ఉన్న ఖాళీ గురించి. బానెట్ ఎత్తితే కింద నేల కనిపిస్తుంది. ఆల్టర్నేటర్ బెల్టు మార్చాలన్నా, స్టార్టర్ మోటారు దింపాలన్నా చెయ్యి పడుతుంది, స్పానర్ తిరుగుతుంది. హెడ్‌లైట్ బల్బు మార్చడానికి బంపర్ విప్పాల్సిన బండ్లు చూసినవాళ్లకు ఈ సుఖం వేరే చెప్పక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పటి నుంచి గేర్‌బాక్స్ లోపలి పని, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల టెస్టింగ్ తప్ప మిగతావన్నీ నేనే చేసుకుంటున్నాను. మైలేజీ, మోసే బరువు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

అన్నిటికన్నా నాకు నచ్చింది డీజిల్ ఫిల్టర్ నెత్తిన ఉండే చేతి పంపు. ఫిల్టర్ మార్చినా, ట్యాంకు ఖాళీ అయినా లైన్లో గాలి చేరుతుంది. ఒత్తిడికి గాలి కుంచించుకుపోతుంది, డీజిల్ అంతగా కుంచించుకుపోదు. అందుకే లైన్లో గాలి ఉన్నంతసేపూ నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ఈ పంపు నొక్కి, స్క్రూ బిగించేస్తే చాలు. లోపాలు చదివే స్కానర్ అక్కర్లేదు. రోడ్డు పక్కన ఒక్క స్పానర్‌తో పనైపోతుంది.

ఆ పంపే నన్ను ఏడిపించింది.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకునేది, కాసేపటికే ఆగిపోయేది. ఆ తర్వాత బ్యాటరీ నీరసపడేదాకా సెల్ఫ్ కొడితేగానీ లేచేది కాదు. లేచాక రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. చూపించిన చోట ఇంజెక్షన్ పంపు (నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ పంపేది) అరిగిపోయింది, దింపి ఓవరాలింగ్ చేయాలన్నారు. చల్లటి ఇంజిన్‌ని లేపడానికి లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గుల మీద నాకు అనుమానం లేదు. అవి పోతే మొదట అందుకోవడమే కష్టమవుతుంది, ఇక్కడ అందుకోవడం బాగానే ఉంది. ఇంజెక్షన్ పంపు మాట కూడా నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే వాలులో ముక్కు కిందికి ఉండేలా ఆపిన మర్నాడు బండి వెంటనే స్టార్టయ్యేది. ముక్కు పైకి ఉంటే మాత్రం నరకమే. అరిగిన పంపుకి వాలుతో ఏం పని? రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందన్నమాట. అలా జారాలంటే ఎక్కడి నుంచో గాలి లోపలికి రావాలి.

చిక్కేమిటంటే, ఈ ఇంజిన్లో ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపు దాకా ఉన్నది పీల్చుకునే లైను. అక్కడ సన్నటి లీకు ఉంటే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. ఎంత వెతికినా తడి కనిపించదు. అందుకని ఫిల్టర్‌కి ముందొక ముక్క, తర్వాతొక ముక్క, లోపల డీజిల్ కనిపించే ప్లాస్టిక్ పైపు తగిలించాను. ఇంజిన్ నడుస్తుంటే ఫిల్టర్‌లోకి వెళ్లే పైపులో డీజిల్ నిలకడగా ఉంది. బయటికొచ్చే పైపులో సన్నటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి. నిర్ధారణ కోసం ఫిల్టర్‌ని తప్పించి, డబ్బాలోని వడకట్టిన డీజిల్‌ను నేరుగా ఇంజెక్షన్ పంపుకి ఇచ్చాను. బుడగలు పోయాయి. చేతి పంపు విప్పితే లోపలి రబ్బరు డయాఫ్రమ్ (నొక్కితే వంగే పొర) మడత దగ్గర పగిలి ఉంది. నొక్కితే గట్టిగానే ఉండేది, వదిలేశాక మాత్రం ఆ పగులులోంచి గాలి పీల్చుకునేది. రబ్బరు విడిగా దొరకలేదు, ఫిల్టర్ హెడ్ మొత్తం మార్చి, కొత్త రాగి వాషర్లు వేశాను. అరిగిపోయిందన్న ఇంజెక్షన్ పంపు ఇప్పటికీ అదే.

(ఇంజిన్ తిరుగుతున్నప్పుడు నాజిల్ పైపుల నట్ల దగ్గర చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది ఆస్పత్రి కేసు.)

బానెట్ కింద ఖాళీ అన్నాను గానీ ఆ సుఖం ముందు భాగానికే. వెనక కమాన్ కట్టల బోల్టులు బుష్‌లలో పట్టేసి ఉంటాయి, కోసి తీయాల్సిందే. బ్రేకు పైపు నట్లు తుప్పుతో గుండ్రంగా అరిగిపోయి స్పానర్‌కి చిక్కవు. రబ్బరు సామాన్లలో నకిలీవి ఎక్కువ, బిగించిన కొన్నాళ్లకే డీజిల్‌కి ఉబ్బిపోతాయి. ఇందులో ఎయిర్‌బ్యాగు లేదు, బ్రేకేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకేస్తే వెనక చక్రాలు లాక్ అవుతాయి. లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు పట్టేసి ఉంటే మరీనూ. కుటుంబాన్ని ఎక్కించుకుని దూర ప్రయాణానికి దీన్ని తీయను.

నాకు నడుస్తోందంటే కారణాలున్నాయి. ఇంట్లో వేరే బండి ఉంది, నీడలో విప్పుకుని పని సగంలో వదిలేసే చోటు ఉంది, ఎవరికీ టైముకి సరుకు చేర్చాల్సిన టెన్షన్ లేదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నా అభిప్రాయం మారిపోయేదేమో. ఇప్పటిదాకా చాసిస్‌ని తుప్పు తినేసిన జాడ కనపడలేదు కాబట్టి అమ్మడం లేదు. కనపడితే వెల్డింగ్ చేయించి నెట్టుకొస్తానా అంటే, తినేసిన చోటు కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల దగ్గరా కాదా అన్నది చూశాకే చెప్పగలను.