రెండు చార్జర్లు, ఒక పింగాణీ ముక్క

డాడ్జ్ చార్జర్ అనే అమెరికన్ కారు పాతది మేలా, కొత్తది మేలా అంటే, పవర్ సంగతి ముందే తేల్చేస్తాను. 1969 డాడ్జ్ చార్జర్ ఆర్/టీలో 440 మాగ్నమ్ ఇంజన్‌కి కంపెనీ చెప్పిన 375 హార్స్‌పవర్, ఇంజన్‌ని విడిగా స్టాండ్ మీద పెట్టి కొలిచిన గ్రాస్ లెక్క. అదే పేరుతో 2023 దాకా వచ్చిన నాలుగు డోర్ల స్కాట్ ప్యాక్ మోడల్‌ది 485, అన్నీ తగిలించి కొలిచిన నెట్ లెక్క. పాతది దాన్ని అందుకోలేదు. అయినా నా ఓటు పాతదానికే. కారణం, ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడకి) బిగించి ఉండే వేలెడంత తెల్ల పింగాణీ ముక్క: బలాస్ట్ రెసిస్టర్.

అది పోతే భలే గమ్మత్తుగా ఉంటుంది. స్టార్టర్ తిరుగుతున్నంతసేపు ఇంజన్ అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. పెట్రోల్ అందడం లేదనుకుని కార్బురేటర్ విప్పేస్తారు, అనవసరంగా. తాళం స్టార్ట్‌లో ఉన్నప్పుడు కాయిల్‌కి (స్పార్క్ కోసం ఓల్టేజీ పెంచేదానికి) కరెంటు నేరుగా వెళ్తుంది. రన్‌కి రాగానే ఈ రెసిస్టర్ గుండా వెళ్తుంది. లోపలి తీగ తెగితే అంతే.

తాళం రన్‌లో పెట్టి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బాడీకి తగిలించి, మొనని రెసిస్టర్ రెండు కొసలకీ ఆనించండి. ఒక పక్క వెలిగి రెండో పక్క అసలు వెలగకపోతే రెసిస్టర్ పోయినట్టే. రెండు పక్కలా చీకటైతే ఇగ్నిషన్ స్విచ్చో, ఫైర్‌వాల్ కనెక్టరో (వైర్లు ఆ గోడ దాటే ప్లగ్గు) చూడాలి. ఇంజన్ ఆగి ఉండగా రన్‌లో ఎక్కువసేపు ఉంచకండి, కాయిల్ కాలుతుంది. వైర్లు పీకి మీటర్‌తో చూస్తే మంచి రెసిస్టర్ అర ఓమ్ దరిదాపుల్లో చూపిస్తుంది. మార్చడానికి విప్పాల్సింది ఒక్క స్క్రూ, రెండు వైర్లు. ఇంజన్ అప్పుడే ఆగి ఉంటే రెసిస్టర్‌ని ముట్టుకోవద్దు, చెయ్యి చురుక్కుమంటుంది. స్పేర్ లేకపోతే ఆ రెండు వైర్లూ కలిపేసి ఇల్లు చేరొచ్చు, కానీ దూరం పోతే పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలుపుతూ తెంపుతూ ఉండే కాంటాక్టులు) మాడిపోతాయి.

కొత్తదాంట్లో ఇలా చేత్తో వెతికి పట్టుకునేది తక్కువ. బ్యాటరీ కూడా ట్రంక్‌లో ఉంటుంది. వేరే బ్యాటరీతో జంప్ స్టార్ట్ ఇవ్వడానికి హుడ్ కింద విడిగా టెర్మినల్స్ ఇచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

పాతది రిపేరుకి సులువే గానీ, దాని వైరింగ్‌ని నమ్మకండి. ఆల్టర్నేటర్ కరెంటు ఫైర్‌వాల్ కనెక్టర్ గుండా డాష్‌లోని యామ్‌మీటర్‌కి (కరెంటు ఎంతో చూపించే మీటర్‌కి) వెళ్లి, మళ్లీ అదే కనెక్టర్ గుండా బ్యాటరీకి వస్తుంది. పిన్నులకి తుప్పు పడితే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. దీనికి తోడు 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఏడాదికోసారి బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనెక్టర్ పీకి పిన్నులు శుభ్రం చెయ్యాలి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ వైపుకి ఫ్యూజిబుల్ లింక్‌తో (కరెంటు మితిమీరితే ఫ్యూజులా కరిగి తెగిపోయే వైరు ముక్కతో) ఇంకో లావు వైరు వేసుకోవాలి.

బ్రేకుల విషయంలో పోలికే వద్దు. పాతదాంట్లో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులైతే హైవే వేగంలో మొదటిసారి బాగానే ఆగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది.

గ్యారేజీ ఉంది, వీకెండ్ ఖాళీ ఉంది కాబట్టి నాకు పాతది కుదిరింది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ రోజూ ఆఫీసుకి వెళ్లాలంటే స్కాట్ ప్యాకే నయం. పాతదే కొంటే మాత్రం టైర్ షాపులో ముందే చెప్పండి: ఎడమ పక్క చక్రాల నట్లది ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతాయి. ఎయిర్ గన్‌తో మామూలుగా తిప్పారంటే స్టడ్ తెగి చేతికొస్తుంది.