పరి వాతావరణ కథనాలు: ఏళ్లుగా చదువుతున్న ఒక సీమ పంతులు సమీక్ష

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు అని ఒక ఊరుంది. ఎడారి సన్నివేశం కావాలని సినిమావాళ్లు అక్కడికి వచ్చి తీసుకుపోయారు. ఆ ఇసుక కిందున్నది రైతుల పొలం. జర్నలిస్టు పి. సాయినాథ్ 2019లో ‘పరి’లో రాసిన రాయలసీమ కథనం అక్కడ మొదలవుతుంది. మాదీ ఈ జిల్లానే, హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా నేల గురించి అంత ఓపిగ్గా రాసినవాళ్లను అంతకుముందు నేను చూడలేదు. అప్పటినుంచి ‘పరి’ని వదల్లేదు.

పరి అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టారు, కౌంటర్‌మీడియా ట్రస్టు నడుపుతోంది. ప్రకటనలు ఉండవు, చదవడానికి రూపాయి కట్టనక్కర్లేదు. వాతావరణ మార్పు మీద దేశమంతా తిరిగి రాసిన కథనాల వరుసకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పడింది.

ఇన్నేళ్లు చదివాక నాకు బాగా నచ్చింది ఒక్క సంగతి. తప్పంతా వాతావరణ మార్పు నెత్తిన వేసి చేతులు దులుపుకోరు. మా జిల్లా సంగతే చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడే ప్రాంతం ఇది. ఆ లెక్క ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. వాన ఎప్పుడు పడింది, ఎన్నాళ్లు మొహం చాటేసింది అన్నదే పంటను తేలుస్తుంది. దానికి తోడు కొర్ర, సజ్జ, జొన్న పోయి ఊరంతా వేరుశనగే అయింది. చెట్లు పోయాయి. బోర్లు వందల అడుగులు దిగాయి. హగరి అని కూడా పిలిచే వేదవతి ఎండిపోయి, గాలి లేస్తే ఇసుక వచ్చి చేలమీద పడుతోంది. ఇందులో మనిషి చేతలేవి, మారిన వాతావరణం పాత్ర ఎంత అని ఆ కథనం ముడి విప్పుతూ పోతుంది. విడదీయలేని చోట విడదీయలేమనే అంటుంది. ఒక పంతులుగా నాకు అది చాలా విలువైన విషయం. పిల్లలకు ఒక్క కారణం చెప్పి వదిలేయడం తేలిక, కానీ అది చదువు కాదు.

ఉప్పాడ మీద రాహుల్ ఎం. రాసిన కథనంలోనూ ఇదే పద్ధతి. సముద్రం ఇళ్లను తీసుకుపోతుంటే జాలర్ల కుటుంబాలు ఎలా వెనక్కి జరుగుతూ వచ్చాయో వాళ్ల నోటనే వింటాం. సముద్ర మట్టం పెరగడం ఒకటే కాదు కదా, గోదావరి ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతే తీరానికి చేరే మట్టి తగ్గుతుంది, కోత పెరుగుతుంది. ఆ ఊరి ఫోటోలు చూశాక డెల్టా పాఠం చెప్పే తీరే మార్చుకున్నాను.

మన్నార్ సింధుశాఖలో సముద్రపు నాచు ఏరే తమిళ ఆడవాళ్ల కథనం మాత్రం ఎన్నిసార్లు చదివానో! ఎం. పళని కుమార్ ఫోటోల్లో ఆ వేళ్లకు చుట్టుకున్న గుడ్డపీలికలు చూస్తే గొంతు పట్టేస్తుంది. సముద్రం వేడెక్కిందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ అందులో మునుగుతారు. లాతూరులో 43 డిగ్రీల ఎండల్లో పడ్డ వడగళ్లు, వయనాడు కాఫీ, అరుణాచల్‌లో జడలబర్రెలు మేపే బ్రోక్‌పాలు, ముంబైలోని వర్సోవా కోలీ జాలర్లు... ఒక్కోటి ఒక్కో పాఠమే.

తరగతిలో వీటిని బాగా వాడుకుంటున్నాను. పేరు, మూలం చూపిస్తూ ప్రింట్లు తీసి పంచుతాను. తర్వాత పిల్లలను ఇంట్లో అవ్వతాతల దగ్గరికి పంపుతాను: మీరు ఏ కార్తెలో విత్తేవాళ్లు, ఇప్పుడు ఎప్పుడు విత్తుతున్నారు? వాళ్లు రాసుకొచ్చిన జవాబులను మండలం వర్షపాతం లెక్కల పక్కన పెట్టి చూస్తాం. కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. కలవని చోటే పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. ఈ పని చేయించాలన్న ఆలోచన నాకు పరి చదవడం వల్లే వచ్చింది.

ఇక నాకు లోటుగా తోచినవి. వీటిలో చాలా కథనాలు పొడుగు, ఫోనులో చదవాలంటే ఓపిక కావాలి. తుపాను వచ్చినప్పుడు ఈరోజు ఏం జరిగిందో తెలియాలంటే దినపత్రికే చూడాలి, పరి అందుకు కాదు. అడవులు, జీవజాతుల మీద కొత్త పరిశోధనల కబుర్లకు నేను మొంగాబే-ఇండియా కూడా చదువుతాను. అదీ లాభాపేక్ష లేనిదే, కాకపోతే తెలుగులో రాదు. పరిలో తెలుగు ఉంది, అనువాదకుల పేర్లూ గౌరవంగా వేస్తారు. సీమ రైతు మాటలో ఇంకాస్త సీమ యాస ఉంటే బాగుండునని మాత్రం నా ఆశ.

కొత్తగా చదివేవాళ్లు తెలుగులో ఉప్పాడతో మొదలుపెట్టండి, తర్వాత నాచు ఏరేవాళ్లు, ఆ తర్వాత రాయలసీమ. ఉపాధ్యాయులైతే పరి ఎడ్యుకేషన్ విభాగం తప్పక చూడండి, పిల్లలు రాసిన వ్యాసాలను కూడా వేస్తారు. చేతనైనవాళ్లు ఎంతో కొంత విరాళం పంపండి. నేను ఏటా పంపుతున్నాను, ఈ ఏడాదీ పంపాను.