మున్నార్, తేక్కడి చౌక ప్యాకేజీల్లో జ్ఞాపకశక్తి మందు అంటగడుతున్నారు, జాగ్రత్త

దసరా సెలవులకు కేరళ వెళ్లాలనుకుంటున్నవాళ్లు ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలో, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లో ఉంటే తప్పకుండా చదవండి. నిరుడు మేం అయిదుగురం వెళ్లాం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. నాలుగు డబ్బులు మిగులుతాయని వెళ్లి, డబ్బు పోగొట్టుకోవడమే కాక పెద్దమ్మాయికి కడుపునొప్పి కూడా కొనిపెట్టాం.

ముందు ప్యాకేజీ సంగతి. కొచ్చి దగ్గరున్న ఆలువా స్టేషన్ నుంచి కారు, నాలుగు రాత్రుల బస, ఉదయం ఫలహారం కలిపి మనిషికి 7,500 రూపాయలు అన్నాడు ఏజెంటు. అంతకుముందు అడిగిన ఇద్దరూ 11,000కు తగ్గలేదు. మనిషికి 3,500 తేడా అంటే అయిదుగురికి 17,500. అంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతుందని అడిగితే, ‘అక్కడివాళ్లతో మాకు నేరుగా ఒప్పందాలున్నాయి సార్’ అన్నాడు. ఒప్పందాలున్న మాట నిజమే. అవి హోటళ్లతో అనుకోవడం నా పొరపాటు.

మున్నార్‌లో మొదటి రెండు రోజులకు పెద్దగా వంక పెట్టలేను. హోటలు మాత్రం ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల, చుట్టూ టీ తోటలు తప్ప ఇంకేమీ లేని చోట ఉంది. కారు సాయంత్రం ఆరుకల్లా వెళ్లిపోతుంది. రాత్రి భోజనానికి ఊళ్లోకి ఆటోలో వెళ్లి రావడానికే మొత్తం మీద 2,200 అయింది. సరే, కొండ ప్రాంతం కదా అని సర్దుకున్నాం.

అసలు కథ మూడో రోజుది. మున్నార్ నుంచి తేక్కడికి దాదాపు 90 కిలోమీటర్లు, అంతా ఘాట్ రోడ్డు. డ్రైవరు మంచి మాటకారి. మన యాత్రికులను తిప్పీ తిప్పీ తెలుగు బాగానే పట్టేశాడు. పాప ఏం చదువుతోంది, నీట్ రాస్తుందా, మార్కులు ఎలా వస్తున్నాయి, అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది అంటూ దారి పొడవునా కుశలం అడిగాడు. మా అమ్మకు అలా అడిగేవాళ్లు దొరకడమే ఎక్కువ. తన షుగరు మాత్రలు, తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోవడం, పాలు పొయ్యి మీద పెట్టి టీవీ చూడడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. మధ్యలో టీ తాగడానికి ఆగినప్పుడు అతను కాస్త దూరంగా వెళ్లి మలయాళంలో ఫోను మాట్లాడాడు. అప్పుడు నేనేమీ అనుకోలేదు.

తేక్కడి పక్కనే ఉన్న కుమిలి దగ్గర ఒక సుగంధద్రవ్యాల తోట ముందు కారు ఆపాడు. లోపల చూపించేది అబద్ధమేమీ కాదు. మిరియాల తీగలు, వనిల్లా, జాజికాయ చెట్లు ఉన్నాయి. యాలకుల మొక్క పూతా కాయా పైకొమ్మల్లో కాకుండా మొదట్లో, నేలకు ఆనుకుని వస్తాయని నాకు అక్కడే తెలిసింది. అరగంట అలా తిప్పి చివరికి కుండీలో ఉన్న ఒక మొక్క దగ్గర నిలబెట్టి, ‘ఇది బ్రహ్మి, మెదడుకు అమృతం’ అన్నాడు తోట చూపించే కుర్రాడు. దాని వెనకే ఒక గది ఉంది. అందులో తెల్ల పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ‘వైద్యర్’ అని పరిచయం చేశారు.

ఆయన మా అమ్మాయి నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, ‘నువ్వు డాక్టరు పరీక్షకు చదువుతున్నావు. చదివింది హాల్లో గుర్తుకు రావడం లేదు’ అన్నాడు. తరువాత మా అమ్మ వైపు తిరిగి, ‘అమ్మా, మీకు చక్కెర ఉంది. తాళాలు పెట్టిన చోటు మరిచిపోతున్నారు’ అన్నాడు. మా అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తాళాల సంగతి రెండు గంటల ముందు కారులో తానే చెప్పానని ఆవిడకు గుర్తు లేదు. పాపం, ఉన్న జబ్బే అది. నాకైనా వెలగాలి కదా, అప్పటికి వెలగలేదు.

నేను వెనకాడుతుంటే ఆయన పిల్ల ముందే అడిగాడు: ‘పాప భవిష్యత్తు కంటే అయిదు వేలు ఎక్కువా సార్?’ ఏ తండ్రి ఏమని జవాబు చెబుతాడు? అమ్మాయికి మూడు నెలల క్యాప్సూల్స్ 5,400, తలకు రాసుకునే నూనె రెండు సీసాలు 2,500, అమ్మకు చూర్ణం 3,600. మొత్తం 11,500. కార్డు యంత్రం పాడైందన్నారు కాబట్టి ఒక వ్యక్తి పేరుతో ఉన్న ఖాతాకు ఫోన్లో పంపాను. బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ ఇచ్చారు. దాని మీద కొట్టు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు.

ఇదంతా అయ్యేసరికి పెరియార్ చెరువులో చివరి పడవ వెళ్లిపోయింది. పిల్లలు ఆ యాత్రలో ఎదురుచూసింది దానికోసమే. ఏడుపుముఖాలు చూడలేక డ్రైవరు చెప్పిన జీపు సవారీకి 4,200 పెట్టాను. ఇప్పుడు లెక్క చూడండి. ప్యాకేజీలో మిగిలింది 17,500. మందులు, జీపు, ఆటోలు కలిపి పోయింది 17,900. తక్కువ ధరకు ఇచ్చిన ప్యాకేజీలో లోటు ఎవరు పూడుస్తారన్నది గుంటూరు తిరిగి వచ్చాక గాని నా బుర్రకు ఎక్కలేదు. ఏజెంటు కారుకు తక్కువ ఇస్తాడు, డ్రైవరు ఆ తక్కువను కొట్లు ఇచ్చే కమీషన్‌తో భర్తీ చేసుకుంటాడు, ఆ కమీషన్ మన సీసా ధరలో ఉంటుంది.

క్యాప్సూల్స్ మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి అమ్మాయికి వికారం, విరేచనాలు. అర్ధసంవత్సర పరీక్షలకు వారం ముందు! మా డాక్టరు డబ్బా చూసి, ‘లైసెన్సు నంబరు ఎక్కడుంది?’ అని అడిగారు. అప్పుడు గాని నేను చూడలేదు. ఆయుర్వేద ఔషధమైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. పోషకాహారంగా అమ్మితే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. మా డబ్బా మీద రెండూ లేవు. పైన ‘బ్రహ్మి’ అని రాసి, కింద గుండ్రటి సరస్వతి ఆకు బొమ్మ వేశారు. మా అమ్మమ్మ పచ్చడి చేసే ఆకు అది. నీటి బ్రహ్మి వేరే మొక్క, దాని ఆకులు చిన్నవిగా, మందంగా ఉంటాయి. లోపల ఏది ఉందో, అసలు ఏదైనా ఉందో ఎవరికి తెలుసు?

మూలికల మీద నాకు కోపం లేదు. నీటి బ్రహ్మి సారంతో చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. మూడు నెలలు వాడినవాళ్లలో కొందరికి గుర్తుపెట్టుకోవడంలో స్వల్ప మెరుగు కనిపించిందన్నారు. కడుపులో తిప్పడం, విరేచనాలు దానికి తెలిసిన దుష్ప్రభావాలే. కానీ ర్యాంకు తెచ్చిపెట్టే మందు అది కాదు. అసలు మన ఔషధ నియమాల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదనే జాబితా. మెదడు సామర్థ్యం పెంచడం, జ్ఞాపకశక్తి మెరుగుపరచడం అందులో ఉన్నాయి. అంటే సీసా మీది ఆ మాటే తప్పు. ఇంకో సంగతి, 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు కొట్లలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీసే లోహం. మెదడు కోసం కొన్న డబ్బాలో అది ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ చూర్ణం కూడా మాన్పించి డాక్టరు రక్తపరీక్ష రాశారు. విటమిన్ బి12 బాగా తక్కువగా ఉంది. ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవాళ్లలో, అందులోనూ శాకాహారుల్లో ఇది తరచూ కనిపిస్తుందట, మతిమరుపు అలా కూడా రావచ్చట. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మనిషి తేరుకుంది. ఆ మందుల ఖర్చు చూర్ణం ధరలో పదో వంతు లేదు. చూర్ణమే వాడుతూ కూర్చుంటే అసలు లోపం బయటపడేదే కాదు.

డబ్బు తిరిగి అడిగాను. తెరిచిన డబ్బాలు వెనక్కి తీసుకోబోమని చెప్పింది కొట్టు. ‘మేం కొనమన్నామా సార్?’ అన్నాడు ఏజెంటు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి, ప్యాకేజీలో రాసి ఉన్న పడవ విహారం చూపించలేదని ఫిర్యాదు నమోదు చేశాక ఏజెంటు 2,000 వెనక్కి ఇచ్చాడు. మందుల డబ్బు రాలేదు, ఎందుకంటే సరైన బిల్లు లేదు. కాబట్టి బిల్లు ఇవ్వని చోట, వ్యక్తి ఖాతాకు పంపమన్న చోట, అక్కడికక్కడే లేచి రండి. డ్రైవరు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

నిజంగా ఆదా కావాలంటే దారులు వేరే ఉన్నాయి. శబరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా కేరళకు వెళ్తుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు ఉదయమే కూర్చోండి. మున్నార్‌లో కేరళ ఆర్టీసీ వాళ్లే చుట్టుపక్కల చూపించే బస్సు నడుపుతారు. అక్కడి డిపోలో పాత బస్సులను పడకలుగా మార్చి 2020 నుంచి తక్కువ ధరకు రాత్రి బసకు ఇస్తున్నారు కూడా. చిన్నపిల్లలుంటే ఇరుకే గాని కుర్రకారుకు భేష్. ఎరవికులం పార్కు టికెట్లు ముందే కొనుక్కోండి. కొండమేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిలో మూసేస్తారు, అది చూసుకుని తేదీలు పెట్టుకోండి. కారు తప్పదనుకుంటే ‘దారిలో తోటలు, కొట్లు ఏవీ వద్దు, అలా ఎంతవుతుంది’ అని ముందే అడిగి రాయించుకోండి. ఆ ధర వినడానికి ఎక్కువే ఉంటుంది.

కారులో ఇంటి సంగతులు మాట్లాడకండి. యాలకులు, మిరియాలు కావాలంటే కుమిలి బజారులో నాలుగు కొట్లు తిరిగి తూకం వేయించుకుని కొనుక్కోండి. నేను తెచ్చినవాటిలో ఇంట్లో అందరూ మెచ్చుకున్నది ఆ అరకిలో మిరియాలు ఒక్కటే. తెరవని రెండు డబ్బాలు, చీటీ, డబ్బు పంపిన వివరాలు దాచి ఉంచాను. మందుల సంగతి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రాస్తున్నాను. అయిదు లక్షల లోపు వాటికి రుసుము లేదు, మన జిల్లాలోనే వేయవచ్చు. ఇలాగే చీటీ చేతిలో పెట్టించుకుని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, దాన్ని పారేయకండి.