రెండేళ్ళు వాడిన వేణ్ణీళ్ళ మౌత్‌గార్డ్: కొరికిన చోటే దెబ్బతింది

ఆటల్లో దెబ్బలకి పళ్ళు విరక్కుండా పెట్టుకునేది మౌత్‌గార్డ్. వేణ్ణీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక పై పళ్ళకి తొడిగి అచ్చు తీసుకునే రకం గురించి అందరూ చెప్పే మాటలు రెండే. చవక, పావుగంటలో తయారు. రెండూ నిజమే. కానీ డబ్బా వెనక "గట్టిగా కొరకండి" అని అచ్చేసిన ఆ ఒక్క ముక్క ఉంది చూశారూ, దాని కొంప ముంచేది అదే. బాక్సింగ్ స్పారింగ్‌కి (సాధన కోసం ఒకరితో ఒకరు తలపడడానికి) వారానికి మూడు రోజుల చొప్పున రెండు గార్డులు వాడాక రాస్తున్నాను కాబట్టి, నా కోపమంతా ఆ ముక్క మీదే.

మొదటి గార్డు కొన్నప్పుడు కొరికే చోట మందం వెర్నియర్‌తో కొలిస్తే మూడున్నర మిల్లీమీటర్లు. అచ్చు తీశాక పట్టు అద్భుతంగా ఉంది. నోరు బార్లా తెరిచినా ఊడదు, నాలుకతో తోసినా కదలదు. నాలుగు నెలలు గడిచాక కడుగుతూ ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే, కుడి దవడ పళ్ళ దగ్గర రెండు చోట్ల వెలుతురు బటర్ పేపర్లోంచి వచ్చినట్టు వచ్చింది. మళ్ళీ కొలిస్తే అక్కడ 0.8 మిల్లీమీటర్లు. పళ్ళ డాక్టర్లు అడిగేది ముందు పళ్ళ మీద సుమారు 3, కొరికే చోట కనీసం 2.

వాడి వాడి అరిగిందేమో అనుకోవచ్చు. కానీ అరిగిన చోటు గరుకుగా, పీచులు లేచి ఉంటుంది. ఇక్కడ దవడ పంటి గుంటలు పోత పోసినట్టు నున్నగా ఉన్నాయి. అంటే మొదటి రోజు కొరికినప్పుడే అంత పలచబడింది. నాలుగు నెలలూ కుడివైపు దాదాపు ఏమీ లేనట్టే.

ఇవి ఎక్కువగా ఈవీఏ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. తెర్లే నీళ్ళలోంచి తీసి నేరుగా నోట్లో పెడితే అది ముదురు పాకంలా ఉంటుంది. ఆ స్థితిలో దవడ బిగిస్తే పంటి మొనలు లోపలికి దిగిపోతాయి, కింద ఉన్న సరుకంతా పక్కలకి జారుతుంది. కొంత బుగ్గ వైపు, కొంత అంగిలి వైపు. అంగిలి వైపు అంచు లావై ఓకరింపు వచ్చేదీ ఇందుకే. పైగా మనం కొరికేది రెండు వైపులా సమానంగా ఉండదు. ఒక పక్క పలచబడి ఇంకో పక్క మందంగా మిగిలితే నోరు మూసినప్పుడు మందంగా ఉన్న వైపే ముందు తగులుతుంది. మర్నాడు చెవి ముందు, దవడ కీలు దగ్గర లాగుతున్నట్టు ఉంటే దెబ్బ తగిలిందనుకునే ముందు గార్డుని ఒకసారి చూడండి.

రెండో దానికి పద్ధతి మార్చాను. నీళ్ళు తెర్లాక స్టవ్ ఆపి ఒక నిమిషం వదిలేయాలి. గార్డుని చిల్లుల గరిటెలో పెట్టి ముంచితే గిన్నె అడుగుకి అంటుకోదు. ఎన్ని సెకన్లన్నది కంపెనీని బట్టి మారుతుంది, నా దానికి 25 సరిపోయాయి. తీసి ఒక్క సెకను చన్నీళ్ళలో ముంచి, అద్దం ముందు నిలబడి, నడి గీత ముందు రెండు పళ్ళ మధ్యకి వచ్చేలా పెట్టి, బొటనవేళ్ళతో కింద నుంచి పైకి నొక్కాలి. అప్పుడు పళ్ళు ఆనించాలి. మిగలపండిన అరటిపండు మీద పన్ను ఆనిస్తే గాటు పడకూడదనుకోండి, అంతే బరువు. పట్టు రావాల్సింది కొరకడం వల్ల కాదు, పీల్చడం వల్ల. లోపలి గాలీ నీళ్ళూ గట్టిగా పీల్చేస్తూ, బయట నుంచి పెదవుల మీదా బుగ్గల మీదా వేళ్ళతో అదుముతూ, లోపల నాలుకతో అంగిలి వైపు అంచుని తోస్తూ అరనిమిషం. తర్వాత చన్నీళ్ళలో రెండు నిమిషాలు.

సరిగా కుదిరిందో లేదో తేల్చడానికి నేను "ససేమిరా" అని చూస్తాను. స తడబడితే అంగిలి అంచు లావుగా ఉన్నట్టు. "మామ, బాబు" అనేటప్పుడు పెదవులు కలవకపోతే ముందు భాగం పొడవు. చిన్న కత్తెరతో ఒక్కో మిల్లీమీటరే కత్తిరించాలి. పై పెదవిని చిగురుకి కలిపే పలచటి పట్టీ దగ్గర చిన్న వి ఆకారంలో గాటు పెట్టకపోతే అక్కడ పుండు పడుతుంది. మళ్ళీ వేడి చేసి సర్దుకోవచ్చని డబ్బా మీద ఉంటుంది. ఆకారం సర్దుకుంటుంది గానీ పోయిన మందం తిరిగి రాదు.

పట్టు అద్భుతమన్నాను కదా, అది ఆరో నెల దాకా. రౌండుకీ రౌండుకీ మధ్య నమిలే అలవాటుంటే అంతకంటే ముందే వదులవుతుంది. ఇక మే నెలలో స్కూటర్ సీటు కింద పెట్టారో, పైన ఎండ, కింద ఇంజిను వేడి. లాడంలా ఉండాల్సింది చేతులు చాచినట్టు విచ్చుకుంటుంది. కడగడానికి చన్నీళ్ళు, సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. పేస్టు గీతలు పెడుతుంది, వాసన ఆ గీతల్లోనే చేరుతుంది. గార్డుని దాచుకునే డబ్బాకి చిల్లులుండాలి.

రంగు విషయంలో ఒక మాట. అమెచ్యూర్ బాక్సింగ్ పోటీల్లో ఎరుపు గార్డుని ఒప్పుకోరు, నోట్లో రక్తం కనబడదని. నేనైతే పారదర్శకంగా ఉన్నదే కొనమంటాను, పలచబడ్డ చోటు వెలుతురులో ఇట్టే తెలుస్తుంది. తలకి తగిలే కుదుపుని కూడా ఆపుతుందని కొన్ని డబ్బాల మీద గొప్పలుంటాయి. బాక్సింగ్‌లో దానికి గట్టి రుజువు లేదు, ఆ మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

కొనమంటారా అంటే, నా పళ్ళ వరుస తిన్నగా ఉంది, క్లిప్పుల్లేవు, గుద్దులూ ఓ మోస్తరువే. అలాంటివాళ్ళకి జాగ్రత్తగా అచ్చు తీసుకుంటే ఇది చాలు. క్లిప్పులున్నవాళ్ళు మాత్రం ముట్టుకోవద్దు, మెత్తటి సరుకు వాటి సందుల్లో బిగుసుకుంటుంది. వాళ్ళకి విడిగా సిలికాన్‌వి దొరుకుతాయి. పళ్ళు మారే వయసు పిల్లలకి కొన్ని నెలలకే బిగుతైపోతుంది కాబట్టి ఖరీదైనది దండగ. కింది పళ్ళు ముందుకున్నవాళ్ళూ, పోటీలకి దిగేవాళ్ళూ పళ్ళ డాక్టరు దగ్గర అచ్చు ఇచ్చి చేయించుకోవడమే మంచిది. ఖర్చు చాలా రెట్లు, కానీ ఎక్కడ ఎంత మందం ఉండాలో వాళ్ళు చూసి చేస్తారు. నా రెండో గార్డు కుడివైపు ప్రస్తుతానికి 2.1 ఉంది. ఒకటిన్నరకి దిగితే నేనూ అటే వెళ్తానేమో.